న్యూజిలాండ్‌ను రెండోసారి అడగడం

పది రోజుల కిందట మా పాప అలమర కింది అర లాగి నా పాత నోట్సంతా నేల మీద పరిచింది. దాని నోట్లోంచి ఒక అట్టముక్క లాక్కుని చూస్తే నీలం స్కెచ్ పెన్నుతో ‘న్యూజిలాండ్’ అని రాసి ఉంది. ఒక మూల నమిలి మెత్తగా చేసింది. అక్షరాలు నావే. ఆ అట్టను పారేయలేదని నాకు తెలుసు. ఎక్కడ పెట్టానో మాత్రం కావాలనే మరిచిపోయాను. పాప నిద్రపోయింది కాబట్టి ఇప్పుడైనా రాయగలుగుతున్నాను.

రెండేళ్ళ కిందట నేను నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. రాజనీతిశాస్త్రం చెప్పేదాన్ని. సమాఖ్యల పాఠంలో ఆస్ట్రేలియా వస్తుంది. ఒకప్పుడు అది ఒక దేశం కాదు, బ్రిటిష్ వాళ్ళ కింద విడివిడిగా ఉన్న ఆరు వలస రాజ్యాలు. ఎవరి సుంకాలు వాళ్ళవి, ఎవరి రైలు పట్టాల వెడల్పు వాళ్ళది. సరిహద్దు రాగానే జనం సామాన్లు దించుకుని వేరే రైలెక్కేవాళ్ళు. ఆ ఆరూ యుద్ధమేమీ లేకుండా, ఏళ్ళ తరబడి కూర్చుని మాట్లాడుకుని ఒక దేశమయ్యాయి. మొదట్లో ఆ చర్చలకు సముద్రం అవతల ఉన్న న్యూజిలాండ్ కూడా వచ్చింది.

పుస్తకంలో ఇదంతా ఒకటిన్నర పేజీ. నోట్సు చెప్పి వదిలేస్తే సరిపోయేది. నేను ఈ ఏడు పేర్లూ ఏడు అట్టల మీద రాసి ఏడుగురికి చీటీలు తీయించాను. మిగతా క్లాసంతా ఓటర్లు. మూడు రోజులు చర్చ, నాలుగో రోజు ఓటింగు అన్నాను.

పిల్లలు నేననుకున్న దానికంటే గట్టిగా పట్టుకున్నారు. నరసరావుపేట అబ్బాయికి న్యూ సౌత్ వేల్స్ వచ్చింది. రాజధాని తమకే కావాలన్నాడు. విక్టోరియా అట్ట పట్టుకున్న గురజాల అబ్బాయి లేచాడు.

“అన్నీ మీకేనంట్రా? జిల్లా ఆఫీసులు మా గురజాలకి ఇయ్యమంటే మీ పేటకి తెచ్చుకున్నారు. ఇప్పుడు దేశం రాజధాని కూడానా?”

“ఒరేయ్, ఇది ఆస్ట్రేలియారా.”

“ఏడైనా మీ బుద్ధి ఒకటే.”

క్లాసు పగలబడి నవ్వింది. నిజంగా కూడా వాళ్ళు ఇలాగే కొట్టుకున్నారని, చివరికి రాజధాని న్యూ సౌత్ వేల్స్‌లోనే, కానీ సిడ్నీకి వంద మైళ్ళకు తగ్గని దూరంలో ఉండాలని రాసుకున్నారని చెప్పాను. గురజాల అబ్బాయి అప్పటికి కూర్చున్నాడు.

న్యూజిలాండ్ చీటీ రొంపిచెర్ల నుంచి వచ్చే అమ్మాయికి పడింది. రెండో సంవత్సరం. కిటికీ పక్క బెంచీ. అంతవరకూ క్లాసులో తన గొంతు నేను సరిగ్గా వినలేదు.

“మా దగ్గర్నుంచి మీ దగ్గరికి రావాలంటే సముద్రం దాటాల,” అంది. “కలిసినాక మా మాట వినడానికి మీరు వస్తారా, ప్రతిసారీ మేమే రావాల్నా?”

“మీరే రావాల,” అన్నాడు న్యూ సౌత్ వేల్స్.

“ఆలోచించుకుంటాం.”

“ఏంది ఇంకా ఆలోచించేది? ఔననో కాదనో చెప్పమ్మా.”

“రేపు మళ్ళా అడగండి,” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మూడు రోజులనుకున్నది ఎనిమిది రోజులు సాగింది. ఆఖరి పీరియడ్ మాది. గంట కొట్టాక కూడా ఎవరూ లేచేవాళ్ళు కాదు. రొంపిచెర్ల బస్సు నాలుగింటికి. ఆ అమ్మాయి కిటికీలోంచి రోడ్డు వైపు చూడటం నేను చూశాను. “ఇంకో పది నిమిషాలమ్మా,” అన్నాను. అలా రెండు సాయంత్రాలు ఆ బస్సు పోయింది. తరవాతి బస్సు దిగేసరికి చీకటి పడుతుందని నాకు తెలియదు. అడిగితే చెప్పేది. నేను అడగలేదు.

తొమ్మిదో రోజు ఓటింగు. కిటికీ పక్క బెంచీ ఖాళీగా ఉంది. న్యూజిలాండ్ రాలేదని పిల్లలు సరదా పడ్డారు. నిజంగా కూడా రాలేదని నేనే చెప్పాను. అయినా రాజ్యాంగంలో రాష్ట్రాలంటే ఏవో చెప్పే చోట న్యూజిలాండ్ పేరు అలాగే ఉంచారని, ఇప్పటికీ ఉందని చెప్పి, అట్టను ఆ బెంచీ మీద నిలబెట్టాను. ఇంకొకటి కూడా చెప్పాను. న్యూ సౌత్ వేల్స్‌లో మొదటిసారి ఓటింగులో కావలసినన్ని ఓట్లు రాలేదు. అయినా అంతటితో వదిలేయలేదు. రాజ్యాల పెద్దలు మళ్ళీ కూర్చున్నారు, కొన్ని షరతులు మార్చారు, జనాన్ని రెండోసారి అడిగారు. రెండోసారి ఒప్పుకున్నారు. ఈ మాటలు నల్లబల్ల ముందు నిలబడి చెప్పింది నేనే.

వారం దాటినా ఆ అమ్మాయి రాలేదు. రొంపిచెర్ల వెళ్ళాను. వాళ్ళ నాన్న ట్రాక్టర్లు బాగుచేస్తాడు. షెడ్డు వెనకే ఇల్లు. కూర్చోవడానికి ఏమీ లేక ఒక పాత టైరు దొర్లించి, గుడ్డతో తుడిచి, కూర్చోమన్నాడు. అమ్మాయి చురుకైనదని, ఇంకొక్క ఏడాది చదివితే డిగ్రీ వస్తుందని చెప్పాను. చేతుల గ్రీజు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

“వద్దులే మేడమ్. చదివింది చాలు. చీకటి పడినాక దిగుతా ఉంది. మాకు కుదరదు.”

ఆ అమ్మాయి ఇంటి గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది.

“సరేనండీ, మీ ఇష్టం,” అన్నాను. లేచి వచ్చేశాను.

ఒక తండ్రి మాటను గౌరవించానని బస్సులో నాకు నేను చెప్పుకున్నాను. అప్పుడు నాకు ఐదో నెల. టైరు మీద కూర్చుంటే నడుము లాగింది. ఇంకోసారి రావలసిన పని లేదని లోపల ఎక్కడో తేలిగ్గా అనిపించింది కూడా. మరుసటి రోజు అట్టను బెంచీ మీద నుంచి తీసి సంచీలో వేసుకున్నాను.

పాప పుట్టాక ఆ చూపు వెంటపడింది. నీళ్ళు పోస్తున్నప్పుడు, టీకాకు తీసుకెళ్ళి వరసలో నిలబడినప్పుడు, గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు ఉండేది. తిరిగి చూస్తే కర్టెన్. రేపు ఈ పిల్ల తరఫున ఎవరో ఒక టీచరమ్మ వచ్చి, ఎవరో వద్దంటే, సరేనండీ అని మర్యాదగా వెళ్ళిపోతుందేమోనని భయం. జ్వరం లేకపోయినా పాప నుదురు పట్టుకుని చూసేదాన్ని.

అట్ట దొరికిన రోజు అత్తమ్మ కందిపప్పు చెరుగుతోంది. ఏందది అని అడిగితే అంతా చెప్పాను.

“ఎన్నిసార్లు అడిగావ్?”

“ఒక్కసారే.”

చాట ఆపింది. “ఒక్కసారా? నిన్ను మావాడికి చేసుకుంటామని మీ నాయన దగ్గరికి నాలుగుసార్లు తిరిగాం. మొదటిసారి ఏమన్నాడో తెలుసా? మా పిల్ల ఇంకా చదువుకోవాలన్నాడు. మంచినీళ్ళు కూడా ఇయ్యలా.”

“మీకు కోపం రాలేదా?”

“ఎందుకు? మొదటిమాటకే ఊ అంటే పిల్ల బరువైందనుకుంటారుగా. వద్దనేది, ఈళ్ళు మళ్ళా వస్తారో రారో చూద్దామని. ఇన్ని పుస్తకాలు చదివావ్, అది కూడా తెలవదంటే ఏం చెప్పేదే.”

నేను పుట్టిందీ ఈ పక్కనే, వినుకొండలో. కానీ ఆరో తరగతి నుంచీ హాస్టళ్ళు. వార్డెన్ వద్దంటే వద్దనే.

పోయిన ఆదివారం పాపను చంకన వేసుకుని రొంపిచెర్ల వెళ్ళాను. షెడ్డు అలాగే ఉంది. కొత్తగా ఉన్నదల్లా ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. వీపుకి పాలిథిన్ కవరు ఇంకా చుట్టే ఉంది. కూర్చునే చోట స్పానర్లు పరిచి ఉన్నాయి. ఆయన నన్ను గుర్తుపట్టి, గబగబా స్పానర్లు తీసి నేల మీద పెట్టాడు.

“కూర్చోండి మేడమ్. మీకోసమే తెచ్చా దీన్ని. టీచరమ్మని టైరు మీద కూర్చోబెడతావా అని మా ఇంటిది తిట్టిపోసింది ఆ రోజు. వారంలోపు వస్తారనుకున్నా.”

పాప పాలిథిన్ పట్టుకుని లాగుతోంది.

“మళ్ళా వచ్చి, నాలుగింటి బస్సుకి పంపిస్తానని ఒక్కమాట అంటారేమోనని చూశా,” అన్నాడు. “పరీక్షల దాకా చూశా. అంతకన్నా నాకేం అక్కర్లా మేడమ్.”

“నాకు చెప్పి ఉంటే...”

“నేనే చెప్తే ఏం బాగుంటది?”

అమ్మాయి లోపలి నుంచి వచ్చింది. ఇప్పుడు చిలకలూరిపేటలో ఒక స్పిన్నింగ్ మిల్లులో పని. మిల్లు హాస్టల్లోనే ఉంటుంది, ఆదివారాలు ఇంటికొస్తుంది. గొంతు కొంచెం పెరిగింది, మిషన్ల చప్పుడులో మాట్లాడి అలవాటైనట్టుంది. వచ్చీ రాగానే పాపను నా దగ్గర నుంచి తీసుకుంది. నేనింకా ఆ కాలేజీలోనే చెప్తున్నానని, మళ్ళీ చేరవచ్చని, ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతానని, నాలుగింటి బస్సు ఒక్కరోజు కూడా తప్పనివ్వనని చెప్పాను. రెండేళ్ళు ఆలస్యంగా ఆ ఒక్కమాట.

ఆయన కూతురి వైపు చూశాడు.

“వద్దులే మేడమ్,” అంది. వాళ్ళ నాన్న అన్నట్టే, అదే నెమ్మదితో. “డ్యూటీకి అలవాటుపడ్డా. నాతో చదివినోళ్ళు ఇప్పుడాడ లేరుగా.”

సంచీలోంచి అట్ట తీసి చూపించాను. చాలాసేపు చూసింది.

“దీన్నెవరు కొరికారు?”

“నీ చేతిలో ఉన్నదే.”

నవ్వింది. అట్టను తను తీసుకోలేదు, నాకూ ఇవ్వలేదు. పాప చేతిలో పెట్టింది.

ఈసారి నేను సరే అనలేదు. “మళ్ళీ వస్తాను,” అన్నాను. తను ఔననలేదు, కాదనలేదు. పాపను నాకు అందించి గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

బస్సు షెడ్డు ముందు నుంచే వెళ్ళింది. కిటికీలోంచి చూశాను. ఆయన ట్రాక్టరు కింద దూరి పని చేసుకుంటున్నాడు. స్పానర్లు ఇంకా నేల మీదే ఉన్నాయి. కుర్చీ మీద ఏమీ లేదు.

అది నిజంగా వద్దనడమో, మళ్ళీ అడగమనడమో నాకు తెలియదు. రెండేళ్ళ కిందట ఆయనది ఏదో కూడా నాకు తెలియలేదు. రేపు ఆదివారం. పాప సంచీలో పాలసీసా, మారు గౌను సర్దాను. నాలుగింటి బస్సు ఇప్పటికీ నాలుగింటికే ఉందో లేదో కనుక్కున్నాను. ఉంది.