పడుగు ఆరేదాకా

మామ తల మీద వెంట్రుక లేదు. అది నా తప్పు కాదు. "తన నెత్తిన దువ్వుకోను ఏమీ లేదని మామ వీధిలోవాళ్ల నూలంతా దువ్వుతాండాడు" అని నేను అనడం, వాకిట్లో నిలబడ్డ ఆయన కొత్త కోడలు కిసుక్కున నవ్వడం మాత్రం నా తప్పే. మామ పది రోజులు నాతో మాట్లాడలేదు.

మైదుకూరు పక్కన మా మగ్గాల వీధిలో ఆయనది మా ఎదురిల్లు. నూలుకు గంజి పట్టించి కుంచెతో దువ్వడంలో ఆయన తర్వాతే ఎవరైనా. పదకొండో రోజు నా పడుగు వీధిలోకి వచ్చింది. అవి యుద్ధం రోజులు. సర్కారు లెక్కగట్టి ఇచ్చే కంట్రోలు నూలు కోసం రెండు నెలలు కాచుకుంటే చేతికొచ్చిన పడుగు. ఆ నిలువు పోగులన్నీ వీధి పొడవునా సాగదీసి, వేడిగాలి లేచేలోపు గంజి దువ్వెయ్యాలి. పోగుకు పోగు అంటుకుందా, ఇక మగ్గం మీద తెగుడే తెగుడు. మళ్లీ నూలు దొరికేదాకా నేను మగ్గం గుంటలో ఉత్తికాళ్లు ఆడించాలి.

మా వీధిలో పడుగుకు ఎవరినీ పిలవరు, చూసి వాళ్లే వస్తారు. అందరూ వచ్చారు. మామ తలుపు తెరుచుకోలేదు. గంజికుండ దించుతూ నా భార్య నన్నొక చూపు చూసింది. బడి మూడో తరగతిలోనే వదిలినా ఆ చూపు చదవగలిగాను.

పొద్దుటి ఎండ గోడ దిగుతుండగా మామ కుంచెతో వచ్చి నా భార్యతో అన్నాడు.

"నేనొచ్చింది నూలు కోసరం పాపా. పడుగు ఆరేదాకా నీ మొగుడు నోరు తెరిస్తే, కుంచె ఈడనే పారేసి పోతా."

"తెరిస్తే ఈ గంజి ఆ నోట్లోనే పోస్తాలే, చిన్నాయనా."

ఇక వీధికి పండగ.

"ఏమప్పా, నీకు మాటలొస్తాయని ఎవరో చెప్పిరే?"

"గంప కింద మూసిన పుంజు మాదిరి ఉండాడు చూడు."

తెగిన పోగులు ముడివేస్తూ పెదవి కొరుక్కున్నాను. ఇంతలో గంజిచుక్క ఒకటి ఎగిరి మామ గుండు మీద పడి తెల్లగా మెరిసింది. కోడలు నా వైపే చూస్తోంది. నోటిదాకా వచ్చిన మాట మింగి ఇంకో తెగిన పోగు వెతుక్కున్నాను.

సగం పడుగులో మామ నడుము ఎత్తాడు.

"ఈ మూగదెయ్యం ముందర చెయ్యి ఆడ్డం లేదు. ఏందో ఒగటి అనురా."

నేను తడి పోగులు చూపించి తల అడ్డంగా ఊపాను. ఆయన గొణుక్కుంటూ మళ్లీ వంగాడు.

గాలి లేచేసరికి పడుగు ఆరింది. నా భార్య వేళ్లతో పోగులు విడదీసి చూసింది. ఒక్కటీ అంటుకోలేదు. మామ మా అరుగు మీద కూర్చుని, మజ్జిగ చెంబు అందుకుని, నా ముఖం చూశాడు.

"ఊఁ, ఇప్పుడు చెప్పు."

ఎంత వెతికినా ఏమీ తోచలేదు.

"శానా మేలు చేసినావు మామా."

మామ ముఖం చిన్నబోయింది. "దీనికేనా నేను పొద్దన్నుంచి కాచుకొనుండేది?"