దేవాంగపిల్లికి కుప్పయ్య కళ్లు

1943. చిత్తూరులో మా ఫోటో స్టూడియో. కెమెరా ఎంత పెద్దదంటే, దాని నల్లగుడ్డ కింద దూరినవాడు బయటికి దారి అడగాల్సి వచ్చేది. పైకప్పు అద్దాల్లోంచి దిగే ఎండే మాకు దీపం. ప్లేటు, అంటే బొమ్మ పడే గాజు పలక, యుద్ధం పుణ్యమా అని బంగారంకన్నా అరుదు. ఆ ప్లేటుకు వెలుగు చూపించే సమయమే ఎక్స్‌పోజర్. సరిగ్గా అప్పుడే జిల్లా మొత్తం రెప్ప వేసేది. మూసుకున్న ఆ రెప్పల మీద కుంచెతో కళ్లు దిద్దడం మా కుప్పయ్య పని. దాన్ని టచింగ్ అంటారు. చుట్టుపక్కల ఊళ్లలో గోడలకు వేలాడే తాతలందరూ కుప్పయ్య కళ్లతోనే మనవళ్లను చూసేవాళ్లు.

మామిడి కోతల రోజుల్లో బంగారుపాళ్యం నుంచి మునుసామి అనే తోట కావలివాడు, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సులో వచ్చాడు. ఆ బస్సు మనుషుల్ని మోసిన దూరంకన్నా మనుషులు దాన్ని తోసిన దూరమే ఎక్కువ. అతని బుట్ట మూత తీస్తే లోపల బూడిదరంగు దూది ఉండ.

“దేవాంగపిల్లన్నా. పేరుకే పిల్లి, సెట్ల మీద తిరిగే కోతిజాతి. పొద్దు గూకినాక కండ్లు తెరుస్తాది. తెల్లారకముందే కోతకొచ్చే కూలోళ్లు కొమ్మల్లో ఆ కండ్లు సూసి, దెయ్యమని తోటలోకి రామంటాండారు. ఆ సెట్టునే కొట్టించేస్తానంటాండాడు మా తోట ఆసామి రెడ్డి. ఫోటో తీసియ్యి, సూపిస్తా.”

“దీన్నే చూపించొచ్చు కదప్పా?” అన్నాను.

“సూపిస్తే ఆడనే కట్టెల్తో సంపేస్తారు. సీకటి పడితే తోటలో నాకు ఇదొక్కటే తోడు.”

కెమెరా ముందు పెట్టాం. ఉండ ఉండలాగే నిద్రపోయింది.

“కండ్లు నేనేస్తాలే” అన్నాడు కుప్పయ్య.

“వద్దప్పా, నిజం కండ్లే కావల్ల” అన్నాడు మునుసామి.

చిక్కంతా అక్కడే. కెమెరాకు వెలుగు కావాలి, ఈ ప్రాణికి చీకటి కావాలి. సాయంత్రందాకా ఆగితే అది చూస్తుంది, కెమెరా చూడదు.

కుప్పయ్య లేచి, ఫోటో దిగేవాళ్ల వెనక కట్టే నక్షత్రాల తెర విప్పాడు. డాబా మీద పడుకుని ఆకాశాన్ని చూస్తూ అతను వేసిన తెర అది. రంగు మిగిలిందని సప్తర్షులకు ఎనిమిదో ఋషిని కూడా చేర్చాడు. పైకెక్కి దాన్ని అద్దాల మీద పరిచాడు. కింద గది చీకటైంది. తెరకు ఎలుకలు పెట్టిన బొక్కల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా దిగింది. పట్టపగలు మా స్టూడియోలో ఆకాశం! నేను నోరు తెరిచి చూస్తున్నాను.

ఉండ నింపాదిగా విచ్చుకుంది. కళ్లు తెరిచింది. ఆ ముఖంలో కళ్లు పోను మిగిలిన చోటు ముక్కుకే చాల్లేదు.

“లాగు కుప్పయ్యా!”

తెర జారింది, ఎండ పడింది. దేవాంగపిల్లికి దేనికీ తొందర లేదు. రెప్ప వేయాలా వద్దా అని అది తీరిగ్గా ఆలోచించుకునేలోపు నా ఎక్స్‌పోజర్ పూర్తయింది. నా సర్వీసులో కదలకుండా కూర్చున్నది అదొక్కటే.

కొన్నాళ్లకు మునుసామి మామిడిపళ్ల గంపతో దిగాడు.

“ఫోటో సూసి అందరూ ఒకటే నవ్వన్నా! ‘ఇవి కుప్పయ్య ఏసిన కండ్లు, మా తాతకూ ఇట్లే ఏసినాడు’ అన్నారు. ఒట్టేసినా నమ్మలే.”

“మరి దెయ్యం?”

“దెయ్యమెవురన్నా ఇంక? కొమ్మల్లో కండ్లు కనపడితే ‘అద్దో, కుప్పయ్య పిల్లి’ అనుకుంటా కాయలు కోస్తాండారు. రెడ్డి గొడ్డలి లోపల పెట్టేసినాడు.”

“కుంచె ముట్టని ఫోటోకు నాకు పేరా!” అని కుప్పయ్య అలిగాడు. అలుగుతూనే సగం గంప తిన్నాడు.

భయం పోవడానికి మనుషులకు రుజువే అక్కర్లేదని, తెలిసినవాడి పేరొకటి చాలునని నాకు ఆ రోజు తెలిసింది. మునుసామికి మాత్రం చీకటి పడితే తోడు మిగిలింది.