దోర అండం

ల్యాబులో ఆవిడకి పెట్టిన పేరు 'కాలుగాలిన పిల్లి'. కుర్చీలో కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. ఇంట్లో మాగబెట్టిన పండ్లన్నిటి మీదా ఆవిడ బొటనవేలి నొక్కులే. "నొక్కితే మాగదమ్మాయ్, చివుకుతుంది," అంటూ అత్తగారు బుట్ట దాచేస్తుంది. అలాంటి మనిషికి ఉద్యోగమేమో, పిల్లల కోసం ఆస్పత్రికి వచ్చేవాళ్ల అండాలకు కాపలా.

నిన్న ఒక పేషెంటు దగ్గర దొరికింది ఒక్కటే అండం. మళ్లీ సూదులు పొడిపించుకునే ఓపిక ఆమెకి లేదు. డాక్టరు మైక్రోస్కోపులో చూసి పెదవి విరిచాడు. "పచ్చిది. పారేయండి." "పచ్చిది కాదు సార్, దోరది. మాగబెడదాం," అంది ఆవిడ. అండం చుట్టూ అంటుకున్న కణాల్ని ఒలవకుండా, హార్మోనూ, ఎదుగుదలకి తోడ్పడే గ్రోత్ ఫ్యాక్టరూ కలిపిన పోషకద్రవం చుక్కలో పెట్టి, ఒంటి వేడిని నిలిపే ఇంక్యుబేటర్ పెట్టెలో ఒక రోజు గడువుకి ఉంచింది. ఆ మందు ముందు కణాల్ని కదిలిస్తుంది, అవి అండాన్ని లేపుతాయి. మధ్యలో తలుపు తీస్తే వెచ్చదనం పోతుంది. ఇవాళ పొద్దుట్నించీ ఆవిడ ఆ పెట్టె చుట్టూ తిరుగుతూనే ఉంది. చెయ్యి పిడి దాకా వెళ్లి, వెనక్కొచ్చి కోటు జేబులో దూరుతోంది. వరండాలోకి వస్తే ఆ పేషెంటు పట్టుకుంది. "ఒక్కసారి తీసి చూడొచ్చుగా అక్కా?" "నొక్కితే మాగదమ్మాయ్," అంది ఆవిడ, అచ్చం అత్తగారిలా. గడువు తీరాక కణాలు ఒలిచి చూస్తే, అండం అంచున చిన్న పూస కనిపించింది. పండిందనడానికి అదే గుర్తు. వరండాలోకి పరిగెత్తి ఆ మాట చెప్పి, పేషెంటు పక్కన బెంచీ మీద కూలబడింది. అంతలోనే లేచింది. ఆ అండానికి వీర్యకణం చేర్చి, మళ్లీ అదే పెట్టెలో పెట్టి, తలుపు వేసెయ్యాలి.