మంట అంటుకోని హీటర్

ఆ ఫిబ్రవరిలో, అమెరికాలోని అరోరాలో, మా పాత డీజిల్ వ్యాన్‌లోని హీటర్ అంటుకోవడం మానేసింది. ఇంజన్ ఆపేసినా లోపల వెచ్చగా ఉంచే చిన్న హీటర్ అది. ట్యాంకులోని డీజిల్‌నే కాస్త కాస్త తాగి మండుతుంది. ఊళ్లు తిరుగుదామని కొన్న వ్యాన్, మా ఆవిడకు క్యాన్సర్ వచ్చాక ఆసుపత్రి బండి అయింది. ప్రతి మంగళవారం రక్తపరీక్ష రిపోర్ట్ వచ్చాకే కీమో మొదలుపెడతారు. అందాకా గంటన్నర ఆగాలి. వెయిటింగ్ రూమ్ వాసన తగిలితే ఆమెకు వాంతులు. అందుకని పార్కింగ్‌లో వ్యాన్‌లోనే దుప్పటి కప్పుకుని కూర్చునేది.

సోమవారం సెలవు పెట్టి గరాజ్‌లో పడ్డాను. మర్నాడు ఆమె చలికి వణక్కూడదు, నాకు కావలసింది అంతే. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నవాణ్ణి, చేతికి వచ్చిన విద్య ఒక్కటే: ఎర్రర్ చెరిపెయ్, మళ్లీ స్టార్ట్ చెయ్. నాలుగైదుసార్లు అలా చేసేసరికి అది పూర్తిగా లాక్ అయి కూర్చుంది. మాన్యువల్ చదివి ఆ లాక్ తీయడానికే గంట పట్టింది.

అప్పుడు బుద్ధిగా మొదటినుంచీ వచ్చాను, ఏ పుట్టలో ఏ పాముందోనని. బ్యాటరీ బాగుంది. ఫ్యాన్ తిరిగింది. డీజిల్‌ని అంటించే గ్లో ప్లగ్‌కి మీటర్ పెట్టి చూశాను, అదీ బాగుంది. గొట్టం ఊడదీసి, పంపు టిక్కుటిక్కుమంటూ పోసిన డీజిల్‌ని దగ్గుమందు మూతలో పట్టి కొలిచాను. ఎంత రావాలో అంతే వచ్చింది. అన్నీ బాగున్నాయి, మంట మాత్రం లేదు. ఆమె రిపోర్టులూ అంతే. అంకెలు పర్వాలేదంటారు, మనిషేమో నా కళ్ల ముందే కరిగిపోతోంది. స్పానర్ విసిరికొట్టి కాసేపు ఏడ్చాను.

ఇంట్లోకి వెళ్లే తలుపు తీసి ఆమె వచ్చింది. "ఏమండీ, ఒక మాట చెప్పాలి."

"ఒక్క నిమిషం," అన్నాను తలెత్తకుండా.

కాసేపటికి మళ్లీ వచ్చింది. అంటుకుంటే వచ్చే పొగ పోవాలని గరాజ్ బయటి తలుపు ఎత్తి ఉంచాను, మంచుగాలి కొడుతోంది. "ఇది అయిపోనీ, నేనే వస్తా. ఆ చలిలో నిలబడకు," అని కసిరాను. వెళ్లిపోయింది.

చివరికి డీజిల్ మండే లోపలి డబ్బా విప్పితే మసి. గ్లో ప్లగ్ చుట్టూ ఉండే సన్నటి జాలీ మొత్తం పూడిపోయింది. ఎప్పుడూ తక్కువ మీదే నడిపితే ఇలా మసి పడుతుందని, అప్పుడప్పుడు ఫుల్‌లో పెట్టాలని మాన్యువల్‌లో ఉంది. తక్కువలో పెట్టింది నేనే, డీజిల్ కలిసొస్తుందని. "చలేస్తోందండీ, కొంచెం పెంచండి," అని ప్రతి మంగళవారం ఆమె అడిగితే, "దుప్పటి ఉందిగా, చాల్లే," అన్నదీ నేనే. నా బుద్ధి గడ్డి తింది. ఎన్ని వారాలు అలా వణికిందో.

మసి గీకి, హీటర్‌తో పాటు వచ్చిన స్పేర్ జాలీ వేసి బిగించాను. తెల్లటి పొగ కక్కి, గుర్రుమని అంటుకుంది. ఫుల్‌లో పెట్టాను. వెచ్చటి గాలి మొహానికి తగిలేసరికి చేతులైనా కడుక్కోకుండా ఇంట్లోకి పరిగెత్తాను.

"రేపు నీకు చలి అన్న మాటే ఉండదు. ఎంత కావాలంటే అంత పెడతా," అన్నాను.

ఆమె సోఫాలో పడుకుని ఉంది. నా మసి చేతులు పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇందాక డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పేశానండీ, ఇంక రానని. నా వల్ల కావట్లేదు. మీకు చెప్పాకే చేద్దామని రెండుసార్లు వచ్చాను. మీరు పనిలో ఉన్నారు."