పగలు మూసిన చూరు

ఆ ఇంట్లో అడుగుపెట్టగానే మా అక్క చేసిన మొదటి పని బాత్రూము తూము మీది జాలీ ఎత్తి చూడడం. సామాను లారీ ఇంకా గేటు దగ్గరే ఉంది. బీరువా ఎక్కడ దించాలో చెప్పమని డ్రైవరు అరుస్తున్నాడు. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చేతిసంచిలోంచి కొస వంచిన ఇనుపతీగ ఒకటి తీసి తూములోకి పోనిచ్చి, మెలితిప్పి లాగింది. ఎలుకతోకలా పొడవాటిది ఒకటి జారుతూ బయటికి వచ్చింది. జుట్టు. ఎవరిదో, ఎంతమందిదో. సబ్బు జిడ్డు పేరుకుని, బూడిదరంగుకు తిరిగి, నిలవనీటి కంపు కొడుతోంది. నేను గుమ్మంలోంచే వెనక్కి తగ్గాను.

"మనుషులు పోయి ఎన్నేళ్ళయిందో. ఇది మాత్రం అద్దె కట్టకుండా కాపురం చేస్తోంది, చూడు" అంది.

"పారెయ్యక్కా, నాకు డోకొస్తోంది."

"నీకు అన్నిటికీ డోకే. జుట్టు కనిపిస్తే ఎవరిదని ఆలోచించకూడదురా. తియ్యాలి, పారెయ్యాలి, చెయ్యి కడుక్కోవాలి. ఆలోచిస్తేనే రోత."

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడకు నేర్పిన మాట అది. తర్వాత ఆవిడ ఎంతోమంది ఆడపిల్లలకు నేర్పింది. మా అక్క నగరంలో ఒక పెద్ద హోటల్లో గదులు శుభ్రం చేసే పనిలో చేరి, చివరికి ఆ పని చేసేవాళ్ళందరికీ సూపర్‌వైజరయింది. ఆడపిల్లలు ఆవిడను చాటున 'భూతద్దం' అనేవాళ్ళు. వాళ్ళు గది తుడిచి వెళ్ళాక ఈవిడ చూపుడువేలికి తెల్లటి చేతిరుమాలు చుట్టుకుని వచ్చి, తలుపు పైఅంచు మీద, టీవీ వెనక, మంచం కోళ్ళ సందుల్లో ఒక్కసారి రాసేది. రుమాలు వాళ్ళ ముక్కు ముందు పెట్టేది. ఏమీ అనేది కాదు. దానికంటే నాలుగు తిట్టినా బాగుండేదని వాళ్ళ గోల.

హోటలు గదుల్లో మనుషులు ఏం వదిలిపెట్టి వెళతారో ఆవిడ భోజనం దగ్గర కూర్చున్నప్పుడే చెప్పేది. సబ్బుపెట్టెలో కత్తిరించిన గోళ్ళు, బల్ల అడుగున అంటించిన చూయింగ్‌ గమ్‌, పరుపు కింద కుక్కిన పుండు కట్ల గుడ్డలు, టీ కెటిల్లో ఉడకబెట్టిన మేజోళ్ళు. మా ఆవిడ కంచం పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. "మనుషులు గది ఖాళీ చెయ్యరురా, సామాను ఖాళీ చేస్తారంతే" అనేది అక్క.

పెళ్ళయిన కొత్తలోనే మా బావ పోయాడు. అప్పటినుంచీ ఉద్యోగం మానేసేదాకా అక్క ఒకటే గదిలో అద్దెకున్నది. నాలుగు కుటుంబాలకూ కలిపి ఒక బాత్రూము. పొద్దున లేచి అందరి జుట్టూ తీసి, హోటలుకు వెళ్ళి అందరి జుట్టూ తీసి, సాయంత్రం వచ్చి మళ్ళీ తీసేది. అందుకే పని మానేశాక ఆవిడకు ఒకటే కోరిక మిగిలింది. పరాయి మనిషి ఆనవాలు ఒక్కటి కూడా లేని ఇల్లు. తన ఇల్లు. అందులో కొన్నాళ్ళు బతికి పోవాలి. నగరంలో అలాంటిది తన చేతికందదు. అందుకని బస్సు దిగాక చాలాదూరం నడవాల్సిన పల్లెలో, పెంకుల కప్పుతో, చెక్క అటకతో, ఎవరూ కొనని ఈ పాత ఇంటిని కొనుక్కుంది. నేను వద్దన్నాను. మా ఇంట్లో ఉండమన్నాను.

"మీ బాత్రూములో మీ ముగ్గురి జుట్టూ నేనే తియ్యాలి కదరా" అంది.

కొని ఏం లాభం? ఆ ఇల్లు నిండా పరాయివాళ్ళే. వంటింటి గోడకు వేలు ఆనిస్తే అంటుకుపోయేంత నూనె జిడ్డు. అలమర అరల్లో పరిచిన పాత కాగితం ఎత్తితే దాని కింద బొద్దింకల గుడ్లు గింజల్లా అతుక్కుని ఉన్నాయి. తలుపు పక్క గోడ మీద, మనిషి తల ఆనేంత ఎత్తులో, నల్లటి మరక. ఎవరో ఏళ్ళ తరబడి అక్కడే తల ఆనించి కూర్చున్నారన్నమాట. అక్క దాన్ని సున్నం గీకే బిళ్ళతో గీకింది. మరక పోలేదు, గోడ పోయింది.

ఒకదాని తర్వాత ఒకటి ఆవిడ అన్నీ లొంగదీసింది. గోడలకు రెండుసార్లు సున్నం కొట్టించింది. గచ్చును సోడా పొడితో, కొబ్బరిపీచుతో మోకాళ్ళ మీద కూర్చుని తోమింది. యూకలిప్టస్‌ నూనె కలిపిన నీళ్ళతో రోజూ ఇల్లంతా తుడిచేది. నేను శనివారాలు వెళ్ళేవాణ్ణి. వెళ్ళినప్పుడల్లా రుమాలు చుట్టిన వేలు చూపించేది. రుమాలు తెల్లగానే ఉండేది. అయినా ఆవిడ మొహం విప్పారేది కాదు.

"వాసనొస్తోందా?" అని అడిగేది.

వచ్చేది. సున్నం వాసన, నూనె వాసన దాటి పైనుంచి ఘాటుగా, ముక్కుపుటాలు మండేలా ఉచ్చ కంపు. అటక మీద గబ్బిలాలు.

ఎదురింట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉండేది. "అవి మా అత్తగారి కాలం నుంచీ ఉన్నాయి వదినా. దోమల్ని తింటాయి. వాటి మానాన వాటిని ఉండనీ" అంది.

"మీ అత్తగారి కాలం నుంచీ వాటి రెట్టలు ఎత్తినవాళ్ళు లేరన్నమాట" అంది అక్క.

చూరు కింద గోడకూ పెంకులకూ మధ్య బారెడు పొడవున సందు ఉంది. అదే వాటి వాకిలి. దాన్ని మూసేస్తే చాలనుకుని అక్క మేస్త్రిని పిలిపించింది. అతను నెమ్మదస్థుడు. నిచ్చెన గోడకు ఆనించి, తల పైకెత్తి, మెడ గోక్కుని, "సాయంత్రం మూద్దామమ్మా, పొద్దుగూకాక" అన్నాడు.

మా అక్క ఎంత తెలివైనదైనా అక్కడే బోల్తా పడింది. జీవితమంతా పనివాళ్ళ దగ్గర ఆ మాట విని ఉంది. సాయంత్రం చేస్తాను మేడమ్‌, తర్వాత చేస్తాను మేడమ్‌. ఆవిడ లెక్కలో దాని అర్థం ఒకటే, చెయ్యను అని.

"పొద్దుగూకితే నీకు గ్లాసు గుర్తొస్తుంది, నిచ్చెన గుర్తురాదు. పదకొండయింది. గదులు శుభ్రం చెయ్యాల్సింది ఇప్పుడే. ఎక్కు" అంది.

హోటల్లో పదకొండంటే గదులు ఖాళీ అయ్యే వేళ. అతిథులు పొద్దున బయటికి పోతారు, రాత్రికి తిరిగొస్తారు. బతుకంతా ఆ గడియారంతోనే నడిచిన మనిషి. పగటిపూట లోపల చప్పుడు లేదు కాబట్టి గబ్బిలాలు కూడా పొద్దున్నే బయటికి పోయాయనుకుంది. మేస్త్రి ఆవిడ మొహంలోకి చూసి, మాటలు పడడమెందుకనుకున్నాడేమో, ఎక్కి ఇటుక, సిమెంటు పెట్టి సందంతా మూసేశాడు. పని మాత్రం ఒక్క చీమ దూరనంత గట్టిగా చేశాడు.

ఆ సాయంత్రం అటక మీద ఒకటే గీకుడు, కిచకిచలు. బయటినుంచి లోపలికి దారి వెతుక్కుంటున్నాయిలే అని అక్క సంబరపడింది. నాకు ఫోను చేసి మరీ వినిపించింది. "విను, విను. గది దొరకని వాళ్ళ గొడవ" అని నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను చాలాకాలం తర్వాత విన్నాను.

తర్వాతి శనివారం నేను వెళ్ళేసరికి గేటు దగ్గరే కంపు తగిలింది. ముక్కుకు కాదు, నాలుకకు తగిలింది. ఎదురింటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మిషను తొక్కుతోంది. అక్క వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన సంచి సర్ది ఉంది. తల దువ్వుకోకుండా ఆవిడను చూడడం అదే మొదలు.

"లోపలికెళ్ళి పడకగది చూసి రా" అంది.

ఆవిడ పక్క పరిచిందంటే దుప్పటి అంచులు కవరు మడతపెట్టినట్టుంటాయి. ఆ తెల్లటి దుప్పటి మీద, దిండుకు కాస్త పక్కగా, గోధుమరంగు చుక్కలు పడి ఉన్నాయి. చూస్తూండగానే పైన చెక్కల సందులోంచి ఇంకొకటి ఊరి, సాగి, తెగి పడింది. చిక్కగా ఉంది. దాని చుట్టూ ఈగలు. కిటికీ కింద ఒక గబ్బిలం చచ్చిపడి ఉంది, నలిగిన తోలుముక్కలా, నోరు తెరుచుకుని. వంటింట్లో ఇంకొకటి పొయ్యి గట్టు మీద బతికే ఉండి, రెక్కల మీద డేకుతోంది. నేను పెరట్లోకి పరిగెత్తి పొద్దున తిన్నదంతా కక్కాను.

"లోపలే ఉండిపోయాయిరా. అవి పగలు ఇంట్లో ఉంటాయిట. పదకొండింటికి పడుకుని ఉంటాయిట. మేస్త్రి చెప్పబోయాడు. నేనే నోరు మూయించాను" అంది అక్క, నేను నోరు పుక్కిలించి వచ్చాక.

"పోనీలే, మా ఇంటికి పద. దీన్ని ఎవరో ఒకరికి అమ్మేద్దాం."

ఆవిడ సంచి చేతిలోకి తీసుకుంది. లేచింది. గేటు దాకా వచ్చింది. అక్కడ ఆగి, ఇంటివైపు తిరిగి చూసింది. ఇప్పుడు వెళితే మళ్ళీ ఎక్కడో ఒక మూల, ఎవరిదో బాత్రూములో తన వంతు కోసం నిలబడాలి. ఆ సంగతి నాకూ తెలుసు. మా బాత్రూమే అయినా సరే.

"ఇలా వదిలేసి పోతే, తర్వాత వచ్చినవాళ్ళు నా గురించి ఏమనుకుంటారు?" అంది.

"ఎవరేమనుకుంటే ఏంటక్కా?"

"నాకు ముందున్నవాళ్ళ గురించి నేను అనుకోలేదూ?"

సంచి గేటు పక్కన పెట్టేసింది. మేస్త్రికి కబురు పంపింది. అతను వచ్చి వాకిట్లోనే ఆగిపోయాడు. "కట్టింది విప్పమంటే బయటినుంచి విప్పుతానమ్మా. అటక మాత్రం నేనెక్కను. నా కడుపు అంత గట్టిది కాదు" అన్నాడు.

"నీ కడుపుతో నాకేం పని? నిచ్చెన పట్టుకో" అంది అక్క.

మూతికి రుమాలు కట్టుకుని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, పాత గరిటె ఒకటి పట్టుకుని, ఆవిడే ఎక్కింది. నేను కింద నిలబడి బకెట్లు అందుకున్నాను. అందులో ఏముందో చూడకూడదనుకున్నాను. చూశాను. గుత్తులు గుత్తులుగా ఒకదాన్నొకటి కరుచుకుని చచ్చి ఉన్నాయి. కొన్ని మెత్తగా చితికి, పురుగులు లుకలుకలాడుతున్నాయి. ఒక తల్లి రొమ్ముకు పిల్ల ఇంకా అంటుకుని ఉంది. పైనుంచి అక్క దగ్గు, గరిటె గీకుడు వినిపించేవి. మధ్యలో ఒకసారి, "ఒరేయ్‌, బతికున్నావా?" అని అరిచింది.

"లేను" అన్నాను.

"అయితే బకెట్‌ ఎవరు పట్టుకున్నారు?"

మేస్త్రి నవ్వబోయి, ఆ నవ్వుతో గాలి పీల్చుకుని, గోడవైపు తిరిగి వాంతి చేసుకున్నాడు.

సాయంత్రం బయటినుంచి ఒక ఇటుక తీయించింది. పొద్దు వాలాక బతికి మిగిలినవి ఒక్కొక్కటే జారుకుంటూ బయటపడ్డాయి. అక్క పెరట్లో నిలబడి చివరిదాకా చూసింది. ఆ తర్వాత టార్చిలైటు తీసుకుని మళ్ళీ అటకెక్కి, మూలమూలా వెతికి దిగింది.

"ఇక మూసెయ్‌" అంది మేస్త్రితో.

ఎదురింటావిడ గోడ మీంచి, "ఇంతయ్యాక కూడా మూసేస్తావా వదినా? పాపం" అంది.

"పాపమేగా. మీ అటక మీద పెట్టుకో" అంది అక్క.

కొన్నాళ్ళపాటు సాయంత్రాలు అవి వచ్చి ఆ చూరు చుట్టూ తిరిగేవి. అక్క మెట్టు మీద కూర్చుని చూసేది. "గదులు ఖాళీ లేవు" అనేది. ఆ మాట ఎవరితో అనేదో నేను అడగలేదు.

అటక చెక్కల్లోంచి ఆ కంపు పోవడానికి రెండు వానాకాలాలు పట్టింది. పోయిందని నేనన్నాను, ఎదురింటావిడ కూడా అంది. అక్క నమ్మలేదు. చెక్కలు సోడాతో కడిగింది, సున్నం పూసింది, మళ్ళీ కడిగింది. యూకలిప్టస్‌ నూనె పాళ్ళు పెంచింది. ఆ ఇంట్లో ఆవిడ చాలాకాలమే బతికింది. సుఖంగా బతికిందని మాత్రం చెప్పలేను. పొద్దున లేవగానే ముక్కు ఎగబీల్చేది. తన ఇంటిని చూసి తానే మొహం చిట్లించేది. కానీ వేరే ఎక్కడా ఒక్క రాత్రి పడుకోలేదు.

చివరి జబ్బులో నా చేతికి ఆ ఇనుపతీగ ఇచ్చింది. "తర్వాత వచ్చేవాళ్ళకు నా జుట్టు ఒక్కటి కనబడినా నేను ఊరుకోను" అంది.

ఆవిడ పోయాక, వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక, ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను. కాఫీ కప్పుల అడుగున ఈగలు. గచ్చు నిండా చెప్పుల మట్టి. తడి తువాళ్ళు కుప్పగా పడి ముక్కిన వాసన కొడుతున్నాయి. ఆవిడ ఉంటే ఈ మనుషుల్ని ఒక్కొక్కరినీ ఎంత చీదరించుకునేదో అనుకుంటూ అన్నీ కడిగాను. చివరికి బాత్రూము తూము జాలీ ఎత్తి తీగ పోనిచ్చాను. వచ్చింది. సగం తెలుపు, సగం రంగు వేసిన నలుపు. చల్లగా, జిడ్డుగా వేళ్ళకు చుట్టుకుంది. ఎవరిదని ఆలోచించకూడదు. తీసి పారేసి, చెయ్యి కడుక్కున్నాను.

ఇల్లు కొనుక్కున్నామె తాళాల కోసం పొద్దున్నే వచ్చింది. నగరం నుంచే. గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. కిటికీ అంచు మీద వేలితో రాసి వేలు చూసుకుంది. ఏమీ అంటలేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడామె ముక్కు చిట్లించి, కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంటండీ ఈ వాసన? ఘాటుగా, మందులాగా? ఎప్పటినుంచో పట్టుకున్నట్టుందే."

యూకలిప్టస్‌ నూనె. ఎక్కడినుంచి అని చెప్పను, గోడల్లోంచి, చెక్కల్లోంచి, తలుపుల్లోంచి.

"కిటికీలు కొన్నాళ్ళు తెరిచి ఉంచితే పోతుందండీ" అన్నాను.