అన్నం తిన్నాక చెప్పే కబురు

ఈ సంగతి రాసిపెట్టకపోతే, మా పనివాళ్ళ క్యాంపు గదుల్లో ఒకప్పుడు ఇలాంటి పద్ధతి ఒకటి ఉండేదని చెప్పేవాడు కూడా మిగలడని భయం వేసి రాస్తున్నాను. ఆ భయం మొన్న శుక్రవారం మధ్యాహ్నం పుట్టింది. అయిదుగురం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తింటుంటే, ఎడమచేత్తో ఫోన్ చూసుకుంటున్న మా ఎలక్ట్రీషియన్, నలభై దాటిన మనిషి, ఉన్నట్టుండి ఆగిపోయాడు. వాళ్ళ ఊరివాళ్ళెవరో స్టేటస్‌లో అతని తల్లి ఫోటో పెట్టారు, ఫోటోకు దండ ఉంది. ఇంటినుంచి ఇంకా ఎవరూ ఫోన్ చేయలేదు. కలిపిన ముద్ద అతని చేతిలోనే ఉండిపోయింది. పక్కనే కూర్చున్న నాకు ఒక్క మాటా రాలేదు. నా ఈడువాళ్ళకు తెలుసు, సౌదీలోని ఇదే హఫర్ అల్ బాతిన్‌లో ఒకప్పుడు అలాంటి కబుర్లు చెప్పడమే నా పని.

నేను పదో తరగతి దగ్గర ఆగిపోయినవాణ్ణి. కాని సౌదీ రాకముందు ఆరేళ్ళపాటు మా దగ్గరి పట్నంలోని శాఖా గ్రంథాలయంలో, మధ్యాహ్నం ఫ్యాన్ కింద కూర్చుని, అర్థమైనవీ కానివీ అన్నీ చదివాను. అట్ట ఊడిపోయిన ఒక భాషాశాస్త్రం పుస్తకం నన్ను బాగా పట్టుకుంది. భాష చేసే పనులు చాలా ఉన్నాయని, కబురు చెప్పడం అందులో ఒకటి మాత్రమేనని, మనసు విప్పడం, ఎదుటివాడిచేత పని చేయించడం, ఊరికే పలకరించి చుట్టరికం తెగకుండా నిలుపుకోవడం కూడా భాష పనులేనని అందులో ఉంది. వాటిని నోటుపుస్తకంలో ఎక్కించుకుని, ఆ నోటుపుస్తకాన్నే పెట్టెలో పెట్టుకుని ఇక్కడికి వచ్చాను. వచ్చి చూస్తే నేను చదివిందంతా క్యాంపులో నడుస్తోంది. అరబ్బీ మాకు హుకుంల భాష, 'యల్లా' అంటే కాళ్ళు కదలాలి. హిందీ పాకిస్తానీలతో, బెంగాలీలతో బేరాలకూ హాస్యాలకూ. తెలుగు మా గదిలోకి వచ్చి చెప్పులు విడిచాక. 'తిన్నవా' అని అడిగేవాడికి మనం తిన్న సంగతి తెలిసే ఉంటుంది, అయినా అడుగుతాడు. ఇవన్నీ కనిపెట్టగలిగినందుకు నేను ఎంత మురిసిపోయేవాణ్ణో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ రోజుల్లో మొబైళ్ళు లేవు. నేను సైటులో స్టోర్ కీపర్ని, ఫోన్ నా బల్ల మీద ఉండేది, అందుకని ఊళ్ళ నుంచి వచ్చే కబుర్లన్నీ ముందు నా చెవినే పడేవి. చావు కబురుకు మా వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పనిమీద ఉన్నప్పుడు చెప్పకూడదు, ముందు కడుపునిండా అన్నం తిననివ్వాలి, ఎందుకంటే విన్నాక రెండు రోజులు మనిషి ముద్ద ముట్టడు. తిన్నాక కూడా ఒక్కసారిగా చెప్పకూడదు, ముందు సీరియస్‌గా ఉందనాలి, అతను కొంత ఊహించుకున్నాక మిగతాది చెప్పాలి. ఎవరు పెట్టారో తెలియదు కాని ఎంతో దయగల పద్ధతి అనుకునేవాణ్ణి. మాట తీరు తెలిసినవాడినని ఆ పని నాకు అప్పజెప్పారు. అప్పటికి ఏడెనిమిది మందికి చెప్పి ఉంటాను.

మా గదిలోనే వరుసకు నాకు బావ అయ్యే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. నేను పుస్తకం తీస్తే చాలు, "ఏం సారూ, ఇయ్యాల కూర సరిపోలేదా, కాయితాలు నములుతున్నవ్" అని గదినంతా నవ్వించేవాడు. ఒక బుధవారం పొద్దున పది గంటలకు ఆయన చిన్నాయన ఎస్టీడీ బూతునుంచి ఫోన్ చేశాడు. తెల్లవారుజామున తన అన్న, అంటే బావ తండ్రి, పోయాడని, కొడుకు వస్తానంటే ఐసు పెట్టి రేపటిదాకా ఉంచుతామని, రాలేనంటే పొద్దు గూకకముందే కానిస్తామని, ఏదో ఒకటి తొందరగా తెలపమని చెప్పాడు. కనుక్కుని ఫోన్ చేస్తానని నెంబరు రాసుకున్నాను.

ఇక్కడి లెక్క కూడా చెప్పాలి. మా పాస్‌పోర్టులు కంపెనీ దగ్గర ఉండేవి. ఊరికి పోయి మళ్ళీ రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ ముద్ర కావాలి, అది వేయించేది మందూబ్, అంటే కంపెనీ తరఫున సర్కారు ఆఫీసుల్లో కాగితాలు తిప్పే మనిషి. అతను రోజూ పదకొండింటికి బయలుదేరేవాడు. అప్పట్లో గురు, శుక్రవారాలు సెలవు కాబట్టి బుధవారం మధ్యాహ్నం మూసిన ఆఫీసు మళ్ళీ శనివారమే తెరిచేది. ఇదంతా నాకు తెలుసు, కంపెనీలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

కాని బావ మూడో అంతస్తులో, పరంజా మీద ప్లాస్టరింగ్ చేస్తున్నాడు. పన్నెండింటికి అన్నానికి ఎలాగూ దిగుతాడు కదా అనుకున్నాను. ఆ రెండు గంటలూ నోటుపుస్తకం తెరిచి, ఆయనకు చెప్పబోయే మాటలు రాసి కొట్టేసి, మళ్ళీ రాశాను. మందూబ్ బండి గేటు దాటి పోవడం కిటికీలోంచి చూశాను కూడా.

ఆయన దిగివచ్చి సంబరంగా తిన్నాడు. చేతులు కడుక్కున్నాక పక్కన కూర్చుని, మామకు సీరియస్‌గా ఉందట బావా అన్నాను, ఎంతో మెత్తగా. ఆయన ఊహించుకుంటాడనుకున్నాను, ఊహించుకోలేదు. "దవాఖానల ఏసిండ్రా? పెద్ద దవాఖానకు తీస్కపొమ్మను. నేను వచ్చే నెల్ల పోత" అన్నాడు. తట్ట తీసుకుని మళ్ళీ పరంజా ఎక్కాడు. మిగతా సగం నా నోట్లోనే ఉంది. ఎత్తు మీద ఉన్నవాడికి చెప్పకూడదు కదా అని, సాయంత్రానికి వాయిదా వేశాను. ఊరికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తోచక అదీ చేయలేదు.

సాయంత్రం అయిదింటికి చెప్పాను. ఆయన ఏడవలేదు. "ఫోనెప్పుడొచ్చె?" అని ఒక్కటే అడిగాడు. పొద్దున పదింటికి అన్నాను. ఊరికి ఫోన్ కలిపిస్తే, ఏ కబురూ రాకపోయేసరికి కొడుకు రాలేడనే అనుకున్నామని, చిన్నాయనే తలకొరివి పెట్టాడని తెలిసింది. రిసీవర్ పెట్టేసి, నా వైపు చూడకుండా, "అన్నం ఏడికి పోతుండె, సారూ" అన్నాడు. అంతకుమించి ఆయన నన్నేమీ అనలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. నా ఎదురుగానే తినేవాడు, పలకరిస్తే పలికేవాడు. కాని తన పని ఏదైనా ఉంటే నన్ను మధ్యలో పెట్టేవాడు కాదు. అరబ్బీ ముక్క రాకపోయినా, వచ్చీరాని హిందీతో తానే మందూబ్ ముందు నిలబడి చేతులు తిప్పుతూ చెప్పుకునేవాడు. ఆఫీసువాళ్ళు నవ్వేవారు. స్టోరు కిటికీలోంచి నేను చూసేవాణ్ణి.

నా నోటుపుస్తకంలో భాష పనులన్నీ ఉన్నాయి. మెత్తగా చెప్పడానికీ, సమయానికి చెప్పడానికీ పొసగనప్పుడు దేన్ని వదులుకోవాలో మాత్రం లేదు. ఇప్పుడు ఆ చిక్కే లేదు, కబురు ఎవరి నోటా పడకుండా సూటిగా మనిషి చేతిలోకే వచ్చి పడుతోంది. ఎగ్జిట్ రీఎంట్రీ కూడా ఇప్పుడు సెలవు రోజైనా ఫోన్లోనే అయిపోతుంది కాబట్టి మా ఎలక్ట్రీషియన్ ఆ రాత్రి విమానానికే పోయాడు, తల్లి ముఖం చూసుకున్నాడు. బావకు దక్కనిది అతనికి దక్కింది. అయినా ఆ ముద్ద పట్టుకుని అతను మా నలుగురి ముఖాలూ ఒక్కొక్కటే చూసిన చూపు నన్ను వదలడం లేదు. ఎవరైనా నోరు తెరిచి చెబితే నమ్ముదామని చూశాడు. నలుగురిలో ఒక్కరం కూడా చెప్పలేదు. ఆ పని చేసే మనుషులం కాకుండా పోయాం.

ఇది రాయడానికి తోడ్పడినవాళ్ళను తలుచుకోవాలి. పుస్తకం ఇంటికిచ్చి గడువు అడగని గ్రంథాలయం రాజమల్లుగారికి, నా చేతిరాతను ఓపికగా టైపు చేసిన కర్నూలు ఖాజా భాయికి, తన సంగతి రాసుకోమన్న ఎలక్ట్రీషియన్ నర్సయ్యకు కృతజ్ఞతలు. చివరగా మా గంగారాం బావకు. ఆయన ఊరికి వెళ్ళిపోయాక కూడా ఏళ్ళ తరబడి జనం చావు కబుర్లు నాకే అప్పజెప్పారు, 'నువ్వైతే మంచిగ చెప్తవ్' అంటూ. అంటే ఆ బుధవారం సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.