ఆమెన్ ఒక్కటే నాది

మా ఇంట్లో ప్రార్థన చేసే పని నా భార్యది. ఆమెన్ చెప్పే పని నాది. పెండ్లయినప్పటి నుంచి ఇరవై రెండేండ్లు ఇదే పద్ధతి. సాయంత్రం ఏడయితే సాలు, ఆమె చాప పరిచి, కొంగు తలమీదికి లాక్కుని పాట ఎత్తుకునేది. పాటయినాక వాక్యం చదివేది. ఆ తరవాత కండ్లు మూసుకుని మొదలుపెడితే ఆమె ప్రార్థనలోకి రానివాళ్లు ఉండరు. మా అత్త మోకాలి నొప్పి, పలమనేరులో మా బామ్మర్ది ఆవులు, కూతురి పరీక్షలు, ఎదురింటి సాయిబులామె కుట్టుమిషను, ఆఖరున నా కోపం. నా కోపం ఒక్కనాడు కూడా తప్పేది కాదు. "ప్రభువా, ఈయన నోటికి రవ్వంత కావలి పెట్టు" అంటుంటే నేను ఒక కన్ను తెరిచి ఆమెను గుర్రుగా చూసి, మళ్లీ మూసుకునేవాణ్ణి. అంతా అయినాక ఆమెన్ అనేవాణ్ణి. అదీ గట్టిగా, ప్రార్థనంతా నేనే చేసి అలిసిపోయినట్ల.

ఆమె అంతసేపు మాట్లాడుతుంటే నేను ఏం చేసేవాణ్ణి అంటే, నిజం చెప్పాల గదా, రేణిగుంట గోడౌన్లో రేపు పొద్దున ఏ లారీ ముందు దించాల అని ఆలోచన చేసేవాణ్ణి. ఆడ నా ఉద్యోగమే అరవడం. డ్రైవర్ల మీద అరిచి, హమాలీల మీద అరిచి, ఇంటికొచ్చేసరికి దేవుని తావ మాట్లాడేందుకు నా గొంతులో ఏమీ మిగిలేది కాదు. ఆమె ఉండాది గదా అనే ధైర్యం కూడా ఉన్నింది.

ఇట్లుండగా ఆమె గొంతులో గడ్డ లేచింది. థైరాయిడ్ అన్నారు. తిరుపతిలో ఆపరేషన్ చేసినారు, గడ్డ తీసేసినారు, చెడ్డ గడ్డ కాదని కూడా చెప్పినారు. కానీ ఆమెకు మాట పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాదు. గొంతుకు పోయే నరం ఒకటి మొద్దుబారిందంట, కొందరికి ఇట్ల అవుతాదంట, ఎవరి తప్పూ కాదంట. "రావచ్చు, రాకపోవచ్చు. ఆరు నెలలు చూద్దాం. గుసగుసగా కూడా మాట్లాడొద్దు, దాంతో గొంతుకు ఇంకా కష్టం" అని డాక్టరమ్మ చెప్పింది. రావచ్చు, రాకపోవచ్చు! ఇదేం మాటబ్బా! గోడౌన్లో ఏ డ్రైవరైనా సరుకు గురించి ఇట్ల చెప్పింటే తోలు తీసుండేవాణ్ణి. ఆడ మాత్రం "సరే మేడమ్" అని తలూపి వచ్చినాను.

ఇంటికొచ్చిన మొదటి సాయంత్రం ఏడుకు ఆమె చాప పరిచింది. కొంగు తలమీద వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చుని నా పక్క చూసింది. నేను ఫ్యాను పక్క చూసినాను. డిగ్రీ చదివే మా కూతురు ఇద్దరి పక్కా చూసింది. ఇంక తప్పించుకునే దావ లేదని తెలిసి, ప్రభువు నేర్పిన ప్రార్థన ఎత్తుకున్నాను. దాంట్లో కొత్తగా అల్లేది ఏమీ ఉండదు గదా అని. సగంలో తప్పిపోయినాను! ఇన్నేండ్లూ ఆమె ముందు చెప్తుంటే వెనకాల గొణిగినవాణ్ణి, ఒంటిగా పోతే దావ తెలిసి సచ్చిందా? కూతురే అందుకుని ముగించింది. ఆమెన్ మాత్రం నేనే అన్నాను, అలవాటు కొద్దీ. సిగ్గుతో ఆ పూట సంగటి కూడా సరిగా తినలేదు.

వారం పోయినాక ఎదురింటి సాయిబులామె గేటు కాడ నిలేసింది. "ఏమన్నా, అక్క పాట ఇనపడలేదు. ఆ పాట ఇని గదా నేను పొయ్యి మీద అన్నం పెట్టేది. ఈ వారమంతా మా ఇంట్లో అన్నం ఆలస్యం." సంగతి చెప్తే కండ్లనిండా నీళ్లు పెట్టుకుని, మేమూ దువా చేస్తాములే అనింది. ఆమె చేస్తుంది, నాకు తెలుసు. చెయ్యలేనివాణ్ణి నేనొక్కణ్ణే.

మా అవస్థ చూసి కూతురు నా ఫోన్లో కొత్త పాటలు పెట్టిచ్చింది. కొత్త పాటలంటే నాకు ఒళ్లు మంట. మా నాయన డోలక్కు, తాళాలు పెట్టుకుని నిదానంగా పాడే కీర్తనల్లో పెరిగినవాణ్ణి. ఇవేమో గిటార్లు, డ్రమ్ములు, రంగురంగుల పొగ. మోకాళ్ల కాడ చినిగిన ప్యాంటు వేసుకుని ఒకడు కండ్లు మూసుకుని పాడతాడు. "వీడు పాడేది దేవునికా, చేసుకోబోయే పిల్లకా?" అన్నాను. "నాయనా, ముందు ఇను. అరిచేది తరవాత అరుద్దువు" అనింది మా కూతురు. ఈ నోరు యాడినుంచి వచ్చిందో నేను చెప్పాల్సిన పన్లేదు.

బస్సులో రేణిగుంటకు పోతా విన్నాను. నాలుగు పాటలు ఒకటే మాదిరి ఉండాయి. అయిదోది మాత్రం పట్టుకునింది. "వాకిట నిలిచాను ప్రభువా, వట్టి చేతులే తెచ్చాను" అని మొదలవుతాది. పాడే మనిషి గొంతు కూడా ఏమంత బాగలేదు, రవ్వ బొంగురు. నాకేమయిందో తెలీదు, బస్సులో ఏడ్చేసినాను. నలభై ఎనిమిదేండ్ల మనిషిని, మీసాలు తుడుచుకుంటా! పక్క సీట్లో కొండ దిగి వచ్చిన యాత్రికుడొకాయన, గుండుకు గంధం ఇంకా ఆరలేదు, ఏమీ అడక్కుండా లేచి నాకు కిటికీ సీటు ఇచ్చినాడు. నేను దిగేదాకా నా పక్క చూడలేదు, పుణ్యాత్ముడు.

ఆ సాయంత్రం నుంచి ఏడుకు ఫోను చాప నడుమ పెట్టి ఆ పాట వేసేది, దాంట్లో వచ్చే మాటల్నే నేను కండ్లు మూసుకుని మెల్లగా అనేది. అదే మా ప్రార్థన. నిమ్మళంగా ఉండేది. గుండెలో ఏదో సర్దుకున్నట్ల అనిపించేది. ఒకనాడు బాగా మనసు పెట్టి, రెండు చేతులూ పైకెత్తి నిలబడుకోనుండాను. పాట టక్కున ఆగి, "రండి! త్వరపడండి! మీ అభిమాన నగల దుకాణంలో..." అని ఒక ఆడమనిషి గట్టిగా పిలిచింది. చేతులు దించాల్నా, ఎత్తే ఉంచాల్నా తెలీక అట్లే నిలబడినాను. కూతురు చున్నీ నోట్లో కుక్కుకుని కింద పడి పొర్లింది. నా భార్య కూడా నవ్వింది. భుజాలు ఎగిరెగిరి పడుతుండాయి, కండ్లలో నీళ్లు వస్తుండాయి, సద్దు మాత్రం లేదు. ఇంటి నిండా నవ్వే మనిషి. ఆ సద్దులేని నవ్వు చూసి నాకు పానం పోయినంత పనయింది.

ఇంకొకనాడు ఫోన్లో చార్జింగ్ అయిపోయింది, కరెంటూ లేదు. పాట లేకుండా అవే మాటలు అందామని చూస్తే, నోట్లోకి వచ్చినాయి గానీ గుండెలోకి ఏమీ రాలేదు. అప్పుడు పుట్టింది నాకు అనుమానం. నిన్నటిదాకా నాకు నిమ్మళం ఇచ్చింది దేవుడా, పాటలో మోగే కీబోర్డా? బ్యాటరీతో బాటు పోయేదయితే అది ప్రార్థన ఎట్లవుతాది? వాడెవడో స్టూడియోలో వాడి కష్టానికి కట్టుకున్న మాటలు, నేను నా కష్టానికి అడిగితే దేవుడు ఎవరిదని వింటాడు? ఉండబట్టలేక చర్చికి పోయి పాస్టరయ్యగారిని అడిగినాను. ఆయన నిదానంగా విని, "దీన్ని గురించి ప్రార్థన చెయ్యండి బ్రదర్, ప్రభువే బయలుపరుస్తాడు" అన్నాడు. ప్రార్థన రాకనే గదప్పా నేను నీ తావకొచ్చింది! ఆ మాట పైకి అనలేదు. మా ఆవిడ పెట్టించిన కావలి అప్పటికింకా రవ్వ పనిచేస్తా ఉన్నట్టుండాది.

ఆయన మాత్రం నన్ను మర్చిపోలేదు. ఆదివారం ఆరాధనలో, పాటలయినాక, "ఇప్పుడు మన బ్రదర్ గారు ప్రార్థనలో నడిపిస్తారు" అని నా పక్క చెయ్యి చూపించినాడు. నాకు చెమటలు పట్టినాయి. అయినా లేచినాను. ఒక్కటే అడగాల, సబ అంతటి ముందర, నా నోటితో: ఆమె గొంతు ఆమెకు తిరిగి ఇవ్వు అని. అంతే, రెండో మాట వద్దు అనుకున్నాను. కీబోర్డు వాయించేది పాస్టరయ్యగారి కోడలు. ఎవరు ప్రార్థన చేసినా వెనకాల సన్నగా వాయిస్తా ఉంటాది. ఆ సద్దు చెవిలో పడిందో లేదో, నేను అనుకున్నదంతా ఎగిరిపోయింది. నోరు తెరిస్తే, "వాకిట నిలిచాను ప్రభువా, వట్టి చేతులే తెచ్చాను" అని వచ్చింది.

మా చర్చిలో ఒక అలవాటు ఉండాది. పాట ఎత్తేవాళ్లు ముందు మొదటి వరుసను మాటగా చెప్తారు. అది విని కీబోర్డామె శృతి ఇస్తుంది, తరవాత అందరూ అందుకుంటారు. ఆ కోడలికి నేను ప్రార్థన చేస్తున్నానో, పాట చెప్తున్నానో ఎట్ల తెలుస్తాది? టక్కున శృతి ఇచ్చింది. వెనకాలే బీటు వేసింది. ఆ పాట అందరికీ వచ్చినట్టుండాది, సబ మొత్తం లేచి చప్పట్లు! నేను "కాదు, కాదు" అని చెయ్యి ఊపితే, ఇంకా ఉత్సాహంగా పాడమంటున్నాననుకుని గొంతు పెంచినారు. చరణాలన్నీ పాడినారు. పల్లవి మూడుసార్లు తిప్పినారు. ఆడవాళ్ల పక్క చూస్తే నా భార్య, ముసుగులో, అందరితో బాటు పెదాలు కదిలిస్తా, ఒక చెయ్యి గొంతు మీద పెట్టుకోనుండాది. పాటయినాక పాస్టరయ్యగారు "హల్లెలూయా, కానుకలు" అన్నాడు. నేను అడగాల్సింది అడక్కుండానే కూర్చున్నాను.

ఇంటికొచ్చి ఇయర్ ఫోన్లు తీసి గోడకు కొట్టినాను. "నేను ఈమె గొంతు కోసం అడగాలని నిలబడితే చప్పట్లు కొడతారా! ఒక్క మాట, ఒక్క మాట అడగనీలేదు గదా!" అని అరిచినాను. నా భార్య, మాట పోయినప్పటి నుంచి చేతిలో పెట్టుకున్న నోటుబుక్కు తెరిచి, "పాట బాగుండాది" అని రాసి చూపించింది. నాకు ఇంకా మండింది. ఫోను తీసి బీరువాలో పెట్టి తాళం వేసినాను. ఈ పొద్దు పాట లేదు, గీట లేదు, నా మాటలే అన్నాను.

ఏడయింది. చాప పరిచింది. కొంగు వేసుకునింది. నేను కండ్లు మూసుకుని "ప్రభువా" అన్నాను.

అంతే. ముందుకు పోలేదు. ఆమె గొంతు ఇవ్వు అనాల, అంతే గదా. అనబోతుంటే ఇంకొక ఆలోచన అడ్డం వచ్చి నిలబడింది. ఈమె గొంతు రావాలని నేను అడిగేది ఈమె కోసమా, ఈ పని నా నెత్తిన పడిందనా? మళ్లీ ఆమె చేసుకుంటా ఉంటే నేను మళ్లీ లారీల గురించి ఆలోచన చేసుకోవచ్చు, దానికా? నాకు తెలీలేదు. ఒట్టు, తెలీలేదు. అబద్ధం చెప్పడానికి అది జాగా కాదు. నిజమేందో నాకే తెలీదు. ఎదురింట్లో కుక్కరు కూత వేసింది. ఇంకొక కూత వేసింది. నా గడ్డం కింద చొక్కా తడిసిపోయింది.

"ఆమెన్."

తుప్పు పట్టిన గడియ తీసినట్ల వచ్చింది ఆ సద్దు. నేను అనలేదు. కూతురు అనలేదు, అది రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకోనుండాది. ఆమె కూడా తన గొంతు తానే విని అదిరిపడినట్ల, చెయ్యి మెడ మీద పెట్టుకునింది. ఆ ఒక్క మాట తరవాత మళ్లీ శానా దినాలు ఆ గొంతు మూతపడింది. ఇప్పుడు రవ్వరవ్వ మాట్లాడుతుంది, పాటకు మాత్రం అందదు, అందుతాదో లేదో డాక్టరమ్మ ఈ పొద్దుకూ చెప్పలేదు. అవేవీ అప్పుడు మాకు తెలీదు. నేను సంతోషపడాల్సింది పోయి, పిచ్చోని మాదిరి కొట్లాటకు దిగినాను.

"దేనికే ఆమెన్? నేను ఏమీ అడగలేదు గదా! ఒక్క ముక్క చెప్పలేదు గదా! దేనికి చెప్పినావు?"

ఆమె నోటుబుక్కు తీసుకునింది. నిదానంగా రాసి, నా పక్కకు తిప్పింది.

"ఇన్నేండ్లు నువ్వు దేనికి చెప్పినావు?"

రెండుసార్లు చదివినాను. నవ్వుతా రాసిందా, నొచ్చుకుని రాసిందా అని ఆమె మొకం చూసినాను. అది కూడా తెలీలేదు. ఆమె అట్లే చూస్తా ఉండాది, జవాబు కోసం.

మళ్లీ కండ్లు మూసుకోబోయి, ఆగి అడిగినాను, "మీ అమ్మకు నొప్పి ఏ మోకాలికి?"

రెండిటికీ అన్నట్ల ఆమె రెండు వేళ్లు చూపించింది.